ఏడు నిమిషాలు వెనక

సెలూన్ కుర్చీలో వెనక్కి వాలిన పెద్దమనిషి గడ్డం కింద నురగ తెల్లగా ఉంది. మరుక్షణం ఎర్రబడింది.

రోడ్డుకి అవతల బస్ షెల్టర్‌లో పేపరు చదువుతున్నట్టు నటిస్తూ ఆయనకి కాపలా కాస్తున్న జిగురు అది అద్దంలో చూశాడు. చూస్తూనే పరిగెత్తాడు. రోడ్డు దాటడానికి నాలుగు సెకన్లు, తలుపు నెట్టడానికి ఒకటి. గొంతు కోయడానికి అంతకంటే తక్కువే పట్టింది. ఉదయం పదింటికి, రేడియో మోగుతుండగా, ముగ్గురు కస్టమర్లు తమ వంతు కోసం కూర్చుని ఉండగా పని జరిగిపోయింది. తెల్లకోటు వేసుకున్న హంతకుడు చచ్చినవాడి జేబులోంచి ఒక ప్లాస్టిక్ కార్డు లాగి, వెనక తలుపు దగ్గర నిలబడ్డవాడికి విసిరాడు. వాడు అందుకుని మాయమయ్యాడు.

జిగురు హంతకుడి మీద పడ్డాడు. కత్తి అతని ఎడమ అరచేతిని అడ్డంగా చీల్చింది. ఆ చేత్తోనే వాడి మణికట్టు పట్టుకుని, రెండో చేత్తో జుట్టు దొరకబుచ్చుకుని, వాడి మొహాన్ని ఎదురుగా ఉన్న అద్దానికి కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారికి అద్దం పగిలి, పైనున్న ముక్క కత్తిలా జారి వాడి మెడలో దిగింది. తనని ఎవరు పంపారో చెప్పకుండానే వాడు పోయాడు.

జిగురు అనేది అసలు పేరు కాదు. పట్టుకుంటే వదలడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. ఆ రోజు మాత్రం పట్టుకున్నది చచ్చిపోయింది, పట్టుకోవలసింది జారిపోయింది.

* * *

డిపార్ట్‌మెంట్ పెద్దని వెనకాల అందరూ పెద్దమ్మ అంటారు, ఎదురుగా మేడమ్ అంటారు. ఆవిడ ఆఫీసు ఒక లాండ్రీ వెనక గదిలో ఉంది. వాషింగ్ మెషిన్ల చప్పుడులో ఎవడు చెవి ఒగ్గినా ఏమీ వినిపించదు.

"ఎంత ఆలస్యం?" అంది పెద్దమ్మ.

"అయిదు సెకన్లు, మేడమ్."

"సమాధి మీద అదే చెక్కిద్దాం. కూర్చో. బ్యాంకు వెబ్‌సైట్ తెరుస్తావు. అది నిజంగా బ్యాంకేనని నీకెలా తెలుసు?"

"మూలన చిన్న తాళం గుర్తు ఉంటుంది."

"ఆ గుర్తుకి హామీ ఎవరు?"

జిగురు చేతికి కట్టు కట్టుకుంటూ తలెత్తాడు.

"ఒకడికి ఇంకొకడు హామీ. వాడికి మరొకడు. అలా పైకి పోతే చివర ఒక పెట్టె ఉంటుంది. అందులో రూట్ కీ, అన్నిటికీ తల్లి తాళం. ప్రపంచంలో సగం మెషిన్లు ఆ పెట్టె సంతకాన్ని కళ్ళు మూసుకుని నమ్ముతాయి. దాన్ని తెరిచే కార్డులు ఏడుగురు మనుషుల దగ్గర ఉన్నాయి. ఏ మూడు కార్డులు పెట్టినా తెరుచుకుంటుంది. తొమ్మిది రోజుల క్రితం మొదటివాణ్ణి రెండు రోజులు గోళ్ళు పీకి చంపారు. ఇవాళ రెండోవాడు. రెండు కార్డులు పోయాయి."

"ఎవరు?"

"అద్దం. అదొక విదేశీ ముఠా పేరు. వాళ్ళకి కావలసింది ఒక్క సంతకం. ఆ తర్వాత వాళ్ళు పంపిన చీటీ డాక్టర్ పంపినట్టే ఆసుపత్రికి అందుతుంది. వాళ్ళు మార్చిన సిగ్నల్ కంట్రోల్ రూమ్ మార్చినట్టే రైలుకి కనబడుతుంది. అబద్ధానికి మెషిన్లే సాక్ష్యం చెబుతాయి."

"పోయిన కార్డులు రద్దు చేస్తే సరిపోదా?"

"చెయ్యాలంటే ఆ పెట్టే తెరవాలి. ఎల్లుండి పగలు పదకొండున్నరకి మిగిలిన అయిదుగురూ కూర్చుని ఆ పనే చేస్తారు. కీ సెరిమనీ అంటారు. అంతవరకు వాళ్ళు బతికుండాలి." పెద్దమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఆ అయిదుగురిలో ఒకరు మీ అక్క."

జిగురు చేతిలోంచి కట్టు చుట్ట జారి, విప్పుకుంటూ గదంతా దొర్లింది. అక్క ఇంజనీరని తెలుసు. ఇంటర్నెట్ కొత్తలో కేబుళ్ళ కోసం గోతుల్లోకి దిగిందని తెలుసు. ఇది తెలియదు. ఆమెకి మాత్రం తమ్ముడి గురించి ఏం తెలుసు? వాటర్ ప్యూరిఫైయర్లు అమ్ముతాడని తెలుసు.

"ఇంకో సంగతి," అంది పెద్దమ్మ. "అద్దంలో మన మనిషి ఒకామె ఉంది. పేరు సెంటు. నేను ఆమెను చూడలేదు. ఆమెను నడిపింది మొదట చచ్చినవాడు. ఆమె నిన్ను వెతుక్కుంటూ వచ్చి, 'ఈ లిఫ్ట్ పైకి వెళ్తుందా, పక్కకి వెళ్తుందా?' అంటుంది. 'కింద పడ్డాక చెప్తాను' అనాలి నువ్వు. కాకపోతే, గోళ్ళు పీకించుకున్నవాడు ఆ మాట కూడా చెప్పేసి ఉండొచ్చు. కాబట్టి నమ్ము, నమ్మకు."

"రెండూ ఎలా చెయ్యను?"

"మీ అక్కని అడుగు. ఆమె ఉద్యోగమే అది."

* * *

మర్నాడు పొద్దున్న జిగురు నాలుగో అంతస్తులో అక్క ఫ్లాట్ బెల్లు నొక్కాడు. తలుపు గొలుసు మేర తెరుచుకుంది. సందులోంచి ఒక కన్ను, ఒక కళ్ళద్దం కనిపించాయి.

"ఎవరు?"

"నేనేనక్కా."

"నేనే అంటే ఎవరు? నిన్న కూడా 'నేనే' అనే వీడియో కాల్ చేశావు. మొహం నీదే, గొంతు నీదే. కార్డు పట్టుకుని కింద పార్కింగ్‌లోకి రమ్మన్నావు."

జిగురు మెట్ల వైపు ఒకసారి చూశాడు. తన మొహాన్ని ఎవడో తొడుక్కుని అక్కని పిలిచాడు. పార్కింగ్‌లో ఏం జరిగేదో అతనికి బాగా తెలుసు. అలాంటివి అతనే చేసి ఉన్నాడు.

"మరి దిగలేదేం?"

"'అక్కా, ఎలా ఉన్నావు?' అని అడిగాడు వాడు. నా తమ్ముడు పుట్టి బుద్ధెరిగాక ఆ ముక్క అడిగిన పాపాన పోలేదు. ఫోన్ పెట్టేశాను."

ఈ దెబ్బ కత్తిగాటు కంటే లోతుగా దిగింది. ఆమె ఆగలేదు. "నువ్వెవరో నువ్వు చెప్పుకుంటే చెల్లదు. నీ గురించి ఇంకొకరు చెప్పాలి. ఆ ఇంకొకరిని నేను ఎరిగుండాలి. ఇంకొకరు లేరు కాబట్టి నీ కుడిచెయ్యి పెట్టు లోపలికి."

జిగురు చెయ్యి సందులో పెట్టాడు. ఆరేళ్ళప్పుడు ఇలాంటి తలుపు సందులోనే అక్క అతని చిటికెన వేలు నలిపేసింది. ఎముక వంకరగా అతుక్కుంది. ఆమె వేళ్ళు ఆ వంకరని తడిమి చూశాయి. తొందరపడలేదు. రెండుసార్లు తడిమాయి.

"వాపు దిగిందా?" అంది. ముప్పై తొమ్మిదేళ్ళ తర్వాత అడుగుతున్న ప్రశ్న అది. గొలుసు మీదకి ఆమె చెయ్యి వెళ్ళింది.

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ప్లంబర్ల యూనిఫారంలో ముగ్గురు. ప్లంబర్లెవరూ అంత నిశ్శబ్దంగా మెట్లెక్కరు.

"గొలుసు తియ్యకక్కా," అని జిగురు వెనక్కి తిరిగాడు.

మొదటివాడు పైపు రెంచ్ ఎత్తాడు. జిగురు జేబులో పెన్నుకి క్లిప్పు నొక్కితే సూది వస్తుంది. సూది వాడి కంట్లో దిగింది. వాడి కేక నాలుగు అంతస్తులకీ వినబడింది. రెండోవాడు కత్తి దూసేలోపు జిగురు వంగి, వాడి మోకాళ్ళు కావలించుకుని లేపి, రెయిలింగ్ మీదుగా వదిలేశాడు. కింద స్కూటరు ఒకటి వాణ్ణి అందుకుంది, రెండూ పనికిరాకుండా పోయాయి. మూడోవాడు వెనకనుంచి వైరు మెడకి బిగించాడు. జిగురు కళ్ళముందు నల్లచుక్కలు గిరగిరా తిరిగాయి. మోచేత్తో పొడిచాడు, మడమతో తొక్కాడు, వాడు వదల్లేదు. వాడూ జిగురే.

గొలుసు జారిన చప్పుడైంది. తర్వాత మాంసం కాలిన వాసన వచ్చింది. వైరు వదులైంది.

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ఇస్త్రీ పెట్టె. దాని వైరు లోపల గోడదాకా సాగి ఉంది. మూడోవాడు చెంప పట్టుకుని మెట్ల మీద దొర్లాడు. జిగురు వెంటపడి వాడి తలని మెట్టుకి వేసి కొట్టాడు. వాడు మళ్ళీ కదల్లేదు.

ఆమె కంట్లో సూదితో గిలగిల్లాడుతున్నవాణ్ణి చూసింది, కింద స్కూటరు మీద చచ్చినవాణ్ణి చూసింది, తమ్ముణ్ణి చూసింది. ఇస్త్రీ పెట్టె దించకుండానే అడిగింది.

"వాటర్ ప్యూరిఫైయర్లు అమ్ముతావా నువ్వు?"

"ఇవాళ సెలవక్కా," అన్నాడు జిగురు రొప్పుతూ.

* * *

సెరిమనీ గది ఒక మామూలు ఆఫీసు భవనంలో మూడు అంతస్తుల కింద ఉంది. జిగురు సాక్షి హోదాలో అక్క వెంట వచ్చాడు. గుమ్మం దగ్గర గార్డు ట్రే ముందుకి తోశాడు. సూది పెన్నూ, గుండీ కెమెరా, బూటు మడమలో రేడియో, బెల్టులో దాచిన బ్లేడూ ఒక్కొక్కటే ట్రేలోకి చేరాయి.

"ప్యూరిఫైయర్లకి ఇన్ని స్పేర్ పార్టులు ఉంటాయా?" అని గొణిగింది అక్క.

లిఫ్ట్ దగ్గర మల్లెల వాసన గుప్పుమంది. నల్లసూటు, పొడుగు మెడ, జుట్టు ముడిలో వెండి పిన్ను. కాలర్‌కి ఆడిటర్ అనే బ్యాడ్జి. మగవాళ్ళు తలుపు తెరిచి పట్టుకుని, తాము లోపలికి వెళ్ళడం మరిచిపోయే రకం అందం.

"ఈ లిఫ్ట్ పైకి వెళ్తుందా, పక్కకి వెళ్తుందా?" అంది.

"కింద పడ్డాక చెప్తాను."

లిఫ్టులో ఆమె అతని భుజానికి దగ్గరగా జరిగింది. "లోపల అద్దం మనిషి ఒకడున్నాడు. రిజిస్ట్రార్. నేను తుమ్మగానే వాణ్ణి పడగొట్టండి. ఒక్క క్షణం ఆలస్యమైనా అందరూ చస్తారు." గొంతు తేనెలా ఉంది. మాట సరిపోయింది, సూటూ సరిపోయింది. జిగురు తలాడించాడు.

ఇనుప కంచె వేసిన గది అది. మధ్యలో బల్ల, బల్ల మీద బూడిదరంగు పెట్టె, స్క్రీన్. గోడ మీద గుండ్రటి గడియారం.

"ఆ గడియారం ఏడు నిమిషాలు వెనక," అంది అక్క కూర్చుంటూ, చిన్న గొంతుతో. "ఏడేళ్ళుగా అంతే. సరిచెయ్యాలంటే అయిదు సంతకాల ఫారం ఉంది. ఎవరికి ఓపిక? రూలు ప్రకారం గదిలో ఉన్న టైమే టైము. పోయినేడు అయిదో కార్డాయన తన వాచీ చూసి రాశాడు. రిజిస్ట్రార్ మొత్తం మళ్ళీ మొదట్నుంచి చేయించాడు. మూడు గంటలు. ఆయన్ని ఇప్పటికీ ఏడిపిస్తాం."

ఆ అయిదో కార్డాయన ఎదురుగానే ఉన్నాడు. విమానాశ్రయం నుంచి నేరుగా వచ్చాడట. పన్ను పీకించుకున్నానని దవడకి గుడ్డ, మొహానికి మాస్కు. గుమ్మం దగ్గర బొటనవేలు పెడితే పచ్చలైటు వెలిగింది, కాబట్టి ఎవరూ ఇంకేమీ అడగలేదు. తక్కిన ముగ్గురూ నెరిసిన జుట్టు పెద్దవాళ్ళు. వాళ్ళలో ఒకాయనకి చెవుడు.

రిజిస్ట్రార్ బక్కపల్చటి మనిషి. లావుపాటి లాగ్‌బుక్ ముందు పెట్టుకుని, ప్రతి మెట్టూ పైకి చదువుతాడు. చదివాక పుస్తకం చేతులు మారుతుంది. ప్రతి ఒక్కరూ టైము వేసి, పొట్టి సంతకం పెడతారు. చివర సాక్షి. "పెట్టెకి గట్టి దెబ్బ తగిలితే అది తన రహస్యాన్ని తానే చెరిపేసుకుంటుంది," అని చదివాడు రిజిస్ట్రార్. "దయచేసి టీ కప్పులు దూరంగా ఉంచండి."

పద్నాలుగో మెట్టు దగ్గర పుస్తకం అక్క చేతికొచ్చింది. ఆమె రాసింది. కాసేపు చూసింది. జిగురు వైపు తోసింది.

"సాక్షిగారూ, ఈ వరస సరిగ్గా చూసి సంతకం పెట్టండి."

ఆమె అతన్ని ఎప్పుడూ 'గారు' అనలేదు. జిగురు చూశాడు. పదకొండు యాభై మూడు. పదకొండు యాభై మూడు. పదకొండు యాభై మూడు. పదకొండు యాభై మూడు. పన్నెండు. పదకొండు యాభై మూడు. తల ఎత్తి గోడ చూశాడు. పదకొండు యాభై మూడే.

ఏడేళ్ళుగా ఈ గదిలో అందరూ అబద్ధమే రాస్తున్నారు. ఇవాళ ఒకడు నిజం రాశాడు. నిరుడు అదే నిజం రాసి మూడు గంటలు తిట్లు తిన్నవాడు మళ్ళీ అలా రాయడు. అంటే మాస్కు వెనక ఉన్నది వేరే ఎవరో. బొటనవేలు మాత్రం అసలుదే. మనిషి ఏమయ్యాడో జిగురు ఊహించగలడు.

మరి రిజిస్ట్రార్? గడియారం ప్రకారమే రాశాడు, ఏడేళ్ళుగా ఇక్కడున్నవాడే. సెంటు చూపించిన వేలు తప్పు మనిషి వైపు ఉంది. ఆమెకి హామీ ఉండగలిగినవాడు గోళ్ళు లేకుండా చచ్చిపోయాడు. అతన్ని పట్టిచ్చింది ఎవరో జిగురుకి అప్పుడు అర్థమైంది.

సెంటు తుమ్మింది. చాలా అందంగా తుమ్మింది.

జిగురు లేచాడు. రిజిస్ట్రార్ వైపు ఒక అడుగు వేసి, మడమ మీద తిరిగి, బల్ల మీదుగా మాస్కు మనిషి మీదకి దూకాడు. చెయ్యి వాడి కాలర్ని అందుకోబోతుండగా భుజంలో నిప్పు పొడిచినట్టయింది. వెండి పిన్ను ఎముక దాకా దిగింది. సెంటు అతని మెడ చుట్టూ చెయ్యి వేసి వెనక్కి లాగింది. మల్లెల వాసనలో రక్తం వాసన కలిసింది.

"తెలివైనవాడివి," అంది చెవిలో. "ఒక్క నిమిషం ముందు తెలిసుంటే బావుండేది."

మాస్కు మనిషి పెట్టెలో కార్డులు దిగేశాడు. ఒకటి. రెండు. మూడు. ఏదో చిన్న స్టిక్కు గుచ్చాడు. దొంగ సంతకం పడేదాకా లెక్కపెడుతూ స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత కదలడం మొదలైంది. చెవుడున్నాయన అడ్డం రాబోయాడు. పింగాణీ కత్తి ఆయన ముంజేతిని మోచేతిదాకా చీల్చింది. బల్లంతా రక్తమైంది.

నలభై శాతం. జిగురు తల వెనక్కి విసిరి సెంటు ముక్కు పగలగొట్టాడు. ఆమె వదల్లేదు. పిన్ను మెలితిప్పింది. అరవై. "పెట్టెని కొట్టక్కా!" అని అరవబోయాడు. గొంతు నొక్కుకుపోయి మాట రాలేదు.

ఆమెకి చెప్పనక్కర్లేకపోయింది. అక్క కుర్చీ ఎక్కి గోడ గడియారాన్ని మేకుతో సహా పీకింది. మాస్కు మనిషి తిరిగి చూశాడు. కత్తి ఆమె పొట్ట వైపు దూసుకెళ్ళింది.

జిగురు ఆ కత్తిని చూశాడు. తనకి భయం ఎలా ఉంటుందో మరిచిపోయి చాలాకాలమైంది. ఇప్పుడు గుర్తొచ్చింది. భుజంలో పిన్నుతో సహా, వీపు మీద సెంటుతో సహా ముందుకి పడి, వాడి చీలమండ పట్టి లాగాడు. కత్తి అక్క పక్కటెముకల మీద గీరుకుంటూ పోయింది. ఆమె కెవ్వుమంది, అయినా చేతులు దించలేదు.

తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది.

రెండు చేతులా ఎత్తి గడియారాన్ని పెట్టె నడినెత్తిన బాదింది. గాజు చిట్లింది. ముళ్ళు ఎగిరిపోయాయి. పెట్టె ఒక్కసారి కీచుమంది. స్క్రీన్ నల్లబడి, ఒక్క తెల్లటి వాక్యం మిగిలింది: తాళం ఇక లేదు.

మాస్కు మనిషి గర్జిస్తూ లేవబోయాడు. జిగురు స్క్రీన్ కేబులు లాగి వాడి మెడకి రెండు చుట్లు వేసి, వీపు మీద మోకాలు పెట్టి బిగించాడు. వాడి కాళ్ళు కొట్టుకోవడం ఆగేదాకా బిగించి, ఆగాక ఇంకొంచెం బిగించాడు. మాస్కు జారింది. దవడకి గుడ్డ తప్ప దెబ్బేమీ లేదు. కుడి బొటనవేలికి ఇంకొకరి తోలు అతికించి ఉంది.

సెంటు అప్పటికే తలుపు దగ్గరుంది. తలుపుకి అడ్డంగా రిజిస్ట్రార్ నిలబడ్డాడు. ఏడేళ్ళుగా ఎవరినీ గట్టిగా ఒక మాట అనని మనిషి ఏడేళ్ళ లాగ్‌బుక్ రెండు చేతులా ఎత్తి ఆమె దవడ మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు గదంతా వినిపించింది. ఆమె గోడకి జారి కూలబడింది.

రిజిస్ట్రార్ పుస్తకం తెరిచాడు. జరిగింది రాయాలి కదా. టైము కోసం గోడవైపు చూశాడు. అక్కడ మేకు పీకిన చిల్లు మాత్రమే ఉంది. పాపం, ఎంతసేపో అలాగే చూస్తూ ఉండిపోయాడు.

* * *

"ఆ పెట్టె పోయింది. మళ్ళీ మొదట్నుంచి కట్టుకోవాలి, ఆర్నెల్ల పని," అంది పెద్దమ్మ వారం తర్వాత. "కానీ దొంగ సంతకం ఒక్కటీ పడలేదు. అయిదో ఆయన శవం విమానాశ్రయం టాయిలెట్లో దొరికింది. సెంటుకి దవడ అతికాక మాట్లాడతాం. మీ అక్కకి ఎలా ఉంది?"

జిగురుకి ఆ సంగతి తెలియదు. పక్కటెముకల మీద పదకొండు కుట్లు పడ్డాయని తెలుసు, ఆసుపత్రి నుంచి ఇంటికి పంపారని తెలుసు. ఎలా ఉందో తెలియదు. అడగలేదు.

సిగ్గేసింది. మనుషుల్ని చంపినప్పుడు కూడా అంత సిగ్గేయలేదు.

సాయంత్రం నాలుగింటికి నాలుగు అంతస్తులూ మెట్లెక్కాడు. మెట్ల మీద ఇంకా పూర్తిగా పోని మరకలు ఉన్నాయి. దారి పొడుగునా ఆ ఒక్క మాటే సాధన చేసుకున్నాడు. బెల్లు నొక్కాడు. తలుపు గొలుసు మేర తెరుచుకుంది. కన్ను, కళ్ళద్దం. అక్క అతన్ని చూసి నవ్వబోయింది. గొలుసు మీదకి చెయ్యి వెళ్ళింది.

జిగురు గొంతు సవరించుకున్నాడు. జీవితంలో మొదటిసారి, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

"అక్కా, ఎలా ఉన్నావు?"

తలుపు ధడాలున మూసుకుంది. లోపల గడియ పడింది, దాని పైన ఇంకో గడియ పడింది, తర్వాత ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టిన చప్పుడు వినిపించింది.